నీళ్లలోకి ఏది? పెళ్లికి ఏది?

ఒకటి పావుకిలో బరువుండే టఫ్ కెమెరా. మరొకటి లెన్సుతో కలిపితే కిలో దాటే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్. ధరలో, బరువులో, పరువులో రెండింటికీ పొంతన లేదు. అయినా కొన్ని చోట్ల చిన్నదే గెలుస్తుంది. చిన్నది కాబట్టే గెలుస్తుంది.

విశాఖలో అమావాస్యకో పున్నమికో సముద్రం బాగా వెనక్కి తగ్గిన గంటల్లో జోడుగుళ్లపాలెం, ఋషికొండ, మంగమారిపేట వైపు రాళ్ల మధ్య నీటి గుంటలు బయటపడతాయి. మోకాలి లోతు ఉంటే గొప్ప. అందులో కాపురముండేవి మాత్రం చాలానే. రాతికి అంటుకుని వేళ్లాడించే ఎనిమోనీలు, ఖాళీ శంఖాన్ని ఇల్లు చేసుకుని ఈడ్చుకుంటూ తిరిగే పీతలు, ఒళ్లంతా ముళ్లున్న అర్చిన్‌లు. అదృష్టం బాగుంటే గుల్ల లేని రంగుల సముద్రపు నత్త ఒకటి, సెంటీమీటరు పొడవున. కాసేపటికి పోటు మొదలై అన్నిటినీ మళ్లీ కప్పేస్తుంది.

ఈ గుంటల దగ్గర కెమెరాలవాళ్లు రెండు జట్లవుతారు. లక్షల సరంజామా వీపున మోసుకొచ్చినవాళ్లు ముందు పొడి రాయి వెతుక్కుంటారు. పైనుంచి తీస్తే నీటి మీద ఆకాశం తళుకు అడ్డం వస్తుంది కాబట్టి పోలరైజర్ బిగిస్తారు. ఒక కన్ను వ్యూఫైండర్లో, రెండో కన్ను వచ్చే అల మీద. అరచేతిలో ఇమిడే కెమెరా ఉన్నవాళ్లకు ఈ బాధలేవీ లేవు. చెయ్యి నీళ్లలో ముంచి, లెన్సును నత్త దగ్గరదాకా తీసుకెళ్లి బటన్ నొక్కుతారు. ఇంటికెళ్లాక ఎవరి బొమ్మ బాగుంటుందన్న దానికి సరదా పందెం కాయొచ్చు. నేనైతే చిన్న కెమెరా మీదే కాస్తాను.

అదే కెమెరాను ఆ సాయంత్రం పెళ్లి మండపంలోకి తీసుకెళ్తే మాత్రం నా పందెం మారిపోతుంది.

రెండు మోడళ్లు, ఒక కొలత

పోలిక గాల్లో మాటలు కాకుండా రెండు నిజమైన మోడళ్లను ముందు పెట్టుకుందాం. మొదటిది ఓఎం సిస్టమ్ టఫ్ టీజీ-7. 2023లో వచ్చింది. ఇది పాత ఒలింపస్ వంశమే. 1919లో మైక్రోస్కోపులు, థర్మామీటర్ల తయారీకి పుట్టిన ఆ కంపెనీ తన కెమెరా విభాగాన్ని వదులుకుంటే 2021లో అది వేరే సంస్థ అయింది. టీజీ-7 బరువు 249 గ్రాములు. ఏ తొడుగూ లేకుండా 15 మీటర్ల లోతుకు దిగుతుంది. 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడినా, 100 కిలోల భారం మీద పడినా, మైనస్ 10 డిగ్రీల చలిలో పెట్టినా పనిచేస్తుందని కంపెనీ పూచీ. 12 మెగాపిక్సెళ్లు. విడుదలప్పుడు అమెరికాలో ధర సుమారు 550 డాలర్లు.

రెండోది సోనీ ఏ7-4. 2021లో వచ్చింది. 33 మెగాపిక్సెళ్లు, బాడీ ఒక్కటే 658 గ్రాములు, విడుదల ధర సుమారు 2,500 డాలర్లు. ఆ ధరలో లెన్సు లేదు. దానికి సోనీ 90 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు తగిలిస్తే ఇంకో 602 గ్రాములు. మొత్తం టీజీకి ఐదు రెట్ల బరువు.

ఈ తేడాలన్నీ ఒక్క కొలత దగ్గర మొదలవుతాయి. టీజీలో వెలుతురు పడే సెన్సర్ 6.2 మిల్లీమీటర్ల పొడుగు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. కందిబద్దంత. వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36కి 24, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. దాదాపు 31 రెట్లు పెద్దది. ఒకే అపెర్చరు, ఒకే షట్టర్ వేగం పెట్టి ఒకే దృశ్యం తీస్తే పెద్ద సెన్సర్‌కు 31 రెట్ల వెలుతురు అందుతుంది. వెలుతురు ఎంత ఎక్కువ చేరితే బొమ్మలో గింజలు, అంటే నాయిస్, అంత తక్కువ. 31 వర్గమూలం ఐదున్నర కాబట్టి, కొలతల భాషలో చెబితే బొమ్మ ఐదున్నర రెట్లు శుభ్రం.

కొట్లో మాత్రం మొదటి ప్రశ్న ఇప్పటికీ "ఎన్ని మెగాపిక్సెళ్లండీ?" అనే. ఈ ప్రశ్నకు టఫ్ కెమెరాల చరిత్రలోనే మంచి జవాబుంది. 2015 నాటి టీజీ-4లో 16 మెగాపిక్సెళ్లు ఉండేవి. రెండేళ్ల తర్వాత టీజీ-5లో వాటిని 12కి తగ్గించారు. అంత చిన్న చోట 16 మిలియన్ల గళ్లు గీస్తే ఒక్కో గడికి వెలుతురు చాలదని కంపెనీకి తెలుసు. అంకె తగ్గించి అమ్మడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఆ తర్వాత ఇన్నేళ్లూ 12 దగ్గరే కూర్చున్న బద్ధకాన్ని మెచ్చుకోనక్కర్లేదు. టీజీ-6 నుంచి టీజీ-7కి నాలుగేళ్లు పట్టింది. కొత్తగా వచ్చిందేమిటంటే యూఎస్‌బీ-సీ, నిలువు వీడియో, చేతి పట్టులో చిన్న మార్పు.

ఈనాటి పెద్ద కెమెరా ఆనాటి బుల్లి కెమెరా

36కి 24 అన్న కొలత ఆకాశం నుంచి ఊడిపడలేదు. జర్మనీలో ఓస్కార్ బార్నాక్ అనే మెకానిక్‌కు ఉబ్బసం. గాజు పలకల కెమెరాను కొండలెక్కి మోయలేక, సినిమా ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరా ఒకటి చేసుకున్నాడు. సినిమా ఫ్రేము 18కి 24. రెండు ఫ్రేములు కలిపితే 36కి 24. 1925లో అది లైకాగా బజారుకొచ్చినప్పుడు పెద్ద నెగటివ్‌ల ఫొటోగ్రాఫర్లకు అదో బుల్లి సరదా. జేబులో పట్టడం కోసం పుట్టిన కొలత ఇవాళ బ్యాగు నింపుతోంది. బరువు పెంచింది ఆ కొలత కాదు, దాని చుట్టూ మనం పేర్చిన గాజు.

పాత కెమెరాల లోపలుండే అద్దాన్ని తీసేసి మిర్రర్‌లెస్ చేశాక బాడీ సన్నబడిన మాట నిజం. నికాన్ పాత ఎఫ్ మౌంటులో లెన్సు కూర్చునే చోటికీ సెన్సర్‌కూ మధ్య 46.5 మిల్లీమీటర్లుండేది, జెడ్ మౌంటులో 16 మాత్రమే. 2013లో సోనీ ఏ7తో మొదలైన ఈ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ దారిలోకి 2018లో నికాన్, కెనాన్ కూడా వచ్చాయి. కానీ 864 చదరపు మిల్లీమీటర్ల నిండా, అంచుల దాకా పదునుగా వెలుతురు పరచాలంటే పెద్ద లెన్సు తప్పదు. అద్దం పోయినా గాజు బరువు పోలేదు.

టీజీ లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ 4.5 నుంచి 18 మిల్లీమీటర్లు. ఎఫ్/2 దగ్గర దాని కన్ను వెడల్పు రెండుంపావు మిల్లీమీటర్లు. ఇంత చిన్న గాజు కాబట్టే జూమ్ మొత్తాన్ని కెమెరా లోపలే మడిచి పెట్టగలిగారు. బయటకు పొడుచుకొచ్చే గొట్టం లేదు, బయట కదిలే భాగం లేదు. కదలనిదాన్ని సీలు చేయడం సులువు. పడితే విరగడానికీ ఏమీ లేదు. దాని గట్టిదనమంతా సెన్సర్ చిన్నదనంలోంచే పుట్టింది.

దగ్గరికి వెళ్తే లెక్క తిరగబడుతుంది

ఇక్కడ కాస్త ఆగాలి. రెండు కెమెరాల మధ్య అసలు ఆసక్తికరమైన తగువు ఇదే.

సెంటీమీటరు నత్తను ఫ్రేము నిండా తీయాలంటే ఫుల్ ఫ్రేమ్‌లో ఫోకస్ పొర కాగితమంత పలచబడుతుంది. కొమ్ముల కొనలు స్పష్టంగా వస్తే వీపు మసక. వీపు పదునుగా వస్తే కొమ్ములు మాయం. ముందు వెనకల స్పష్టత, ఫొటోగ్రాఫర్ల మాటలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్, పెరగాలంటే అపెర్చర్‌ను బిగించాలి. ఎంత బిగించాలి? రెండు సెన్సర్ల మూలకొలతల నిష్పత్తి దాదాపు 5.6. కాబట్టి టీజీ ఎఫ్/2లో ఇచ్చే లోతును ఫుల్ ఫ్రేమ్ ఇవ్వాలంటే సుమారు ఎఫ్/11కి వెళ్లాలి. ఎఫ్/2 నుంచి ఎఫ్/11 అంటే ఐదు స్టాపులు. సెన్సర్ మీద పడే వెలుతురు 32 రెట్లు పలచబడుతుంది. షట్టర్ వేగం తగ్గించకుండా నిలబెట్టాలంటే ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, 100 నుంచి 3200కి పోవాలి.

31 రెట్లు పెద్ద సెన్సర్, 32 రెట్లు పలచబడిన వెలుతురు. చెల్లుకు చెల్లు. రెండున్నర వేల డాలర్లు పోసి కొన్న వెలుతురంతా లోతు కొనుక్కోవడానికే ఖర్చయిపోయింది. అదే లోతు, అదే వేగం, అదే పగటి వెలుతురు అయితే రెండు బొమ్మల్లో నాయిస్ ఇంచుమించు సమానం. ఈ సంగతి కొట్లో ఎవరూ చెప్పరు.

ఫుల్ ఫ్రేమ్‌వాళ్ల దగ్గర జవాబు లేకపోలేదు. మంచి ఫ్లాష్ తగిలిస్తే ఎఫ్/11లో కూడా ఐఎస్ఓ 100 దగ్గరే ఉండొచ్చు. అప్పుడు పెద్ద సెన్సర్ మళ్లీ పైచేయి. లేదా ఫోకస్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ వరసగా బొమ్మలు తీసి కంప్యూటర్లో కలుపుకోవచ్చు. కదలని నాణేనికి, ఎండిన పురుగుకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అలకు ఊగే నత్తకు, గాలికి ఊగే పువ్వుకు పనిచేయదు. టీజీ కూడా ఈ కలపడం తనలో తనే చేసుకుంటుంది, కాకపోతే కదిలే ప్రాణి దానికీ తలనొప్పే.

టీజీలో మైక్రోస్కోప్ మోడ్ అని ఒకటుంది. లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదానికీ ఫోకస్ అవుతుంది. వందేళ్ల కిందట మైక్రోస్కోపులతో మొదలైన ఇంటి వాసన అనుకోవచ్చు. గుంటూరు, ఖమ్మం మిరప రైతులకు 2021-22 పంటకాలంలో నిద్ర లేకుండా చేసిన నల్ల తామర పురుగు పొడవు మిల్లీమీటరు అటూ ఇటూ. పూవులో దూరి కూర్చుంటుంది. "ఇదేనా సార్ ఆ పురుగు?" అని రైతు అడిగితే, తడి చేలో నిలబడి అక్కడికక్కడే పూవు విప్పి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించడానికి ఈ బుల్లి కెమెరా సరిపోతుంది. వ్యవసాయ విస్తరణ అధికారులకూ, అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలకూ ఇలాంటిదొకటి చేతికివ్వాలని నా కోరిక. మూడు లక్షల సరంజామాను బురదలోకి ఎవరూ తీసుకురారు.

ఒక్క లోపం ఉంది. సెంటీమీటరు దూరంలో కెమెరా నీడ పురుగు మీదే పడుతుంది. దానికోసం లెన్సు చుట్టూ బిగించే చిన్న లైటు తొడుగు విడిగా అమ్ముతారు. తూనీగ సంగతి వేరు. ముఖానికి అంత దగ్గర కెమెరా పెడతానంటే అది ఒప్పుకోదు. సోనీ 90 లెన్సుతో అసలు సైజులో తీస్తున్నా లెన్సు కొసకూ పురుగుకూ మధ్య 13 సెంటీమీటర్ల ఎడం దొరుకుతుంది. రెక్కలున్నవాటికి ఆ మర్యాద కావాలి.

నీళ్లు, ఉప్పు, ఇసుక

వెదర్ సీలింగ్ అన్న మాట నమ్మి మునిగినవాళ్లున్నారు. పెద్ద కెమెరాల ప్రకటనల్లో తుప్పర, దుమ్ము తట్టుకుంటుందని రాస్తారు తప్ప, ఎంత నీటిని, ఎంతసేపు అన్నది చాలా కంపెనీలు చెప్పవు. ఫుల్ ఫ్రేమ్‌లో లైకా ఎస్ఎల్2 లాంటి కొన్నిటికే ఐపీ54 అన్న లెక్క ఉంది. అది కూడా చిందే నీటికే, ముంచడానికి కాదు.

10 మీటర్లు దిగితే మన మీద ఇంకో వాతావరణం అంత ఒత్తిడి పడుతుంది. 15 మీటర్ల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీద అదనంగా కిలోన్నర బరువు. టీజీ బ్యాటరీ తలుపుకు రెండు తాళాలు ఉండేది అందుకే. ఫుల్ ఫ్రేమ్‌ను అక్కడికి తీసుకెళ్లాలంటే అల్యూమినియం హౌసింగ్ కావాలి. ముందు గాజు గుమ్మటం, చేతులకు పిడులు, రెండు ఫ్లాష్‌లు. వీటన్నిటి ఖర్చు కెమెరాను మించుతుంది. నీటి లోపలి ఫొటోలే వృత్తి అయినవాళ్లకు ఆ ఖర్చు సబబే. ఒకప్పుడు వాళ్లకోసమే విడిగా ఒక కెమెరా ఉండేది. సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో ఆలోచనతో తయారైన కాలిప్సోను 1963లో నికాన్ తీసుకుని నికోనోస్ పేరుతో అమ్మింది. హౌసింగ్ అక్కర్లేని ఆ 35 మిల్లీమీటర్ల కెమెరాల వంశం 2001తో ఆగిపోయింది. డిజిటల్‌లో ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌తో అలాంటిదాన్ని ఏ పెద్ద కంపెనీ మళ్లీ చేయలేదు. చేస్తే కొనేవాళ్ల వరసలో నేను ముందుంటాను.

మన తీరంలో నీళ్లు అండమాన్‌లో ఉన్నంత తేటగా ఉండవు. నదుల ఒండ్రు, అలల ఇసుక కలుస్తూనే ఉంటాయి. పైగా నీళ్లు ఎరుపును ముందుగా తాగేస్తాయి. ఐదారు మీటర్లకే ఎరుపు వెలవెలబోతుంది, పది దాటితే దాదాపు కనిపించదు. ఈ రెండు జబ్బులకూ ఒకటే మందు, దగ్గరికి వెళ్లడం. కెమెరాకూ చేపకూ మధ్య నీళ్లు ఎంత తక్కువుంటే మురికి అంత తక్కువ, రంగు అంత ఎక్కువ. సెంటీమీటరు దాకా వెళ్లగల కెమెరాకు ఇక్కడ కూడా లాభమే.

ఇక తీరప్రాంతపు ఉక్క. లెన్సుల లోపల సాలెగూడులా ఫంగస్ అల్లుకోవడం కోస్తా ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన శాపం. డ్రై క్యాబినెట్టు కొనలేనివాళ్లు డబ్బాలో సిలికా జెల్ వేసి మూత బిగిస్తారు. మిర్రర్‌లెస్‌లో లెన్సు మార్చినప్పుడల్లా సెన్సర్ బయటపడుతుంది, బీచ్ గాలిలో ఇసుక నలుసు దాని మీద వాలుతుంది. కెనాన్ ఈఓఎస్ ఆర్‌తో మొదలుపెట్టి కొన్నిటిలో ఆఫ్ చేయగానే షట్టర్ మూసుకునే ఏర్పాటు వచ్చింది కానీ, అందరికీ లేదు. టఫ్ కెమెరాకు తీసే లెన్సే లేదు.

రాత్రి ముహూర్తం

ఇంతదాకా చదివి పెద్ద కెమెరా అమ్మేద్దామనుకునేవాళ్లు ఒక్క పెళ్లికి వెళ్లి రండి. రాత్రి రెండింటికి ముహూర్తం. జీలకర్రా బెల్లం పెట్టే క్షణం కొన్ని సెకన్లే, పంతులుగారి చెయ్యి, మేనమామ భుజం అడ్డం. కాసేపటికి తలంబ్రాలు. గాల్లో ఎగిరే బియ్యపు గింజ ఆగి కనిపించాలంటే సెకనులో 500వ వంతు షట్టరు కావాలి. ఎఫ్/1.8 లెన్సు, ఐఎస్ఓ 6400 పెట్టి తీసినా ఫుల్ ఫ్రేమ్‌లో వధువు ముఖం ముఖంలాగే ఉంటుంది. కంటిని వెతికి పట్టుకునే ఆటోఫోకస్ పూలజడ వెనక నుంచి కూడా పని చేసుకుపోతుంది. వెనకున్న ప్లాస్టిక్ కుర్చీలు మసకలో కలిసిపోతాయి. ఇందాక మాక్రోలో శత్రువైన పలచని ఫోకస్ ఇక్కడ నెత్తిన పెట్టుకోవలసిన వరం.

టీజీకి ఈ విద్యలేవీ రావు. జూమ్ చివరిదాకా వెళ్తే అపెర్చర్ ఎఫ్/4.9కి మూసుకుంటుంది. ఐఎస్ఓ 1600 దాటితే నాయిస్‌ను తుడవబోయి చీర జరీనీ తుడిచేస్తుంది. వ్యూఫైండర్ లేదు. చీకట్లో ఫోకస్ తడుముకుంటుంది. వెనక మసక కావాలంటే దాదాపు అసాధ్యం. కూచిపూడి వేదికైనా, జాతరలో కాగడాల వెలుగైనా ఇదే వరస. పులికాట్ రాజహంసల సంగతి చెప్పనే అక్కర్లేదు. 100 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్‌లో అవి గులాబీ చుక్కలు.

ఫోన్ ఉందిగా?

ఉంది. ఆ ఫోనే కాంపాక్ట్ కెమెరాలను మింగింది. 2010లో జపాన్ కంపెనీలు ప్రపంచమంతా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపితే, 2023లో 80 లక్షలు కూడా దాటలేదు. నికాన్, పానసోనిక్, ఫుజీ టఫ్ మోడళ్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. అయితే ఐపీ68 ఫోన్లకు ఇచ్చే హామీ సాధారణంగా ఒకటిన్నర నుంచి ఆరు మీటర్లు, అరగంట, అదీ మంచినీళ్లలో. నీళ్లు చేరి పాడైతే వారంటీ వర్తించదు. పైగా నీటి లోపల టచ్ స్క్రీన్ మన వేలిని గుర్తుపట్టదు. బ్యాంకు, ఆధార్, అమ్మ ఫోన్ నంబరు అన్నీ ఉన్న వస్తువును ఉప్పునీళ్లలో ముంచడం ధైర్యమనిపించుకోదు.

కొనేవాళ్లకు

పెళ్లిళ్లు, వేదికలు, పక్షులు మీ దారైతే ఫుల్ ఫ్రేమ్ కొనండి. బాడీ పాత మోడలైనా పర్వాలేదు, మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టండి. వాన, బురద, అల, పురుగు మీ దారైతే టఫ్ కెమెరా కొనండి, రా ఫైల్లో తీయడం నేర్చుకోండి. రెండూ కావాలనుకునే కుర్రాళ్లు ముందు దేనితో డబ్బు సంపాదిస్తారో దాన్ని కొనడం న్యాయం.

వాటర్‌ప్రూఫ్ అన్నది ఒకసారి ఇచ్చి మరిచిపోయే వరం కాదు. సముద్రం నుంచి వచ్చాక కెమెరాను మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించాలి. తలుపు రబ్బరు మీద వెంట్రుక, ఇసుక రేణువు ఉన్నా నీళ్లు దారి కనిపెడతాయి. ఆ రబ్బరు సీళ్లను ఏడాదికోసారి మార్పించమని తయారీదారే సూచిస్తాడు. గట్టి దెబ్బ తగిలాక నీటి రక్షణకు హామీ లేదని మాన్యువల్‌లోనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో టఫ్ కెమెరా దొరికితే దాని పాత దెబ్బల సంగతి అమ్మేవాడికి తప్ప మీకు తెలియదు. బేరం కుదిరితే తీసుకోండి, వానలో, చేలో హాయిగా వాడుకోండి. సీళ్లు మార్పించి పరీక్ష చేయించేదాకా నీళ్లలో మాత్రం ముంచకండి.